పొడుగాటి మానసిక డిటెక్టివ్ నవల: కొందరికి అద్భుతం, కొందరికి సాగదీత. ఎందుకిలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడు వందల పేజీల డిటెక్టివ్ నవల సగానికి వచ్చారు. హత్య మొదటి యాభై పేజీల్లోనే జరిగిపోయింది. అక్కణ్ణుంచి పరిశోధన కంటే పరిశోధకుడి బుర్రే ఎక్కువ కనబడుతోంది. అతని చిన్నతనం, నిద్ర పట్టని రాత్రులు, విడిపోయిన భార్య. ముందే చదివిన మీ స్నేహితుల్లో కొందరు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు, కొందరు మధ్యలోనే విసిరికొట్టామంటున్నారు. చదవాలా, ఆపాలా? నచ్చకపోతే నాకు ఓపిక లేనట్టా, పుస్తకంలో సరుకు లేనట్టా?

నవల పేరు మీరు చెప్పలేదు. పర్లేదు, ఈ గొడవ ఆ ఒక్క పుస్తకానిది కాదు. నేరకథల రాతప్రతులు చదివి దిద్దడం నా వృత్తి. ఈ తరహా నవల ఏది వచ్చినా పాఠకులు ఇలాగే రెండు జట్లయిపోవడం నేను ఎప్పుడూ చూసేదే. ఒక జట్టు పిచ్చి సాగదీత అంటుంది, రెండో జట్టు లోతు అంటుంది. తీరా చూస్తే ఇద్దరూ వేలు పెట్టి చూపించేది ఒకే పేజీల్ని.

ముందుగా ఓపిక సంగతి పక్కన పెట్టేద్దాం. "నీకు ఓపిక లేదు" అనే మాట వాదనలో గెలవడానికి పనికొస్తుంది గానీ, ఏమీ వివరించదు. మూడు తరాల కుటుంబ కథని, వెయ్యి పేజీల చరిత్ర నవలని కూర్చున్న చోటు నుంచి లేవకుండా చదివేవాళ్లే ఈ పుస్తకాల దగ్గర చిరాకు పడుతుంటారు. కాబట్టి తేడా ఓపికలో లేదు. మొదటి నలభై, యాభై పేజీల్లో పుస్తకం మన ముందు ఏ ప్రశ్న పెట్టిందని అనుకున్నామో, అక్కడుంది. "ఎవరు చంపారు?" అన్నది మీ చెవిన పడితే, ఆ తర్వాత ప్రతి అధ్యాయాన్నీ ఆ ప్రశ్నకి ఎంత దగ్గరికి తీసుకెళ్లిందో చూసి కొలుస్తారు. "ఈ మనిషికేమయింది?" అన్నది చెవిన పడినవాళ్లు అదే అధ్యాయాన్ని వేరే కొలతతో చూస్తారు. మానసిక డిటెక్టివ్ నవల ఈ రెండు ప్రశ్నల్నీ ఒకేసారి వేస్తుంది. అట్ట మీద మాత్రం మొదటిది ఒక్కటే అచ్చేస్తారు. రెండో ప్రశ్న పెట్టి అమ్మితే తక్కువమంది కొంటారని వాళ్ల భయం.

ఒక హెచ్చరిక. కింద కొన్ని పేరున్న నవలల గుట్టు విప్పక తప్పదు. నైన్ టైలర్స్, మూన్‌స్టోన్, నేరము-శిక్ష, ఇన్ ది వుడ్స్. వీటిలో ఏదైనా చదవాలని దాచుకుని ఉంటే ఆ పేరాలు దాటేయండి.

ఈ తగువు ఇవాళ్టిది కాదు. అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో డిటెక్టివ్ కథకి ఇరవై నియమాలు రాశాడు. అందులో పదహారోది సరిగ్గా మీ నవల గురించే రాసినట్టుంటుంది. పొడుగాటి వర్ణనలు వద్దు, కథ పక్కన పెట్టి సాహిత్య విన్యాసాలు వద్దు, పాత్రల మనసుల్ని సున్నితంగా విప్పి చూపించడాలు వద్దు, వాతావరణం కోసం తాపత్రయం వద్దు. మరుసటి ఏడాది ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ పది నియమాలు రాశాడు. మొదటిదే ఇలా ఉంటుంది: నేరస్థుడు కథలో ముందే కనబడాలి, కానీ పాఠకుడు ఎవరి ఆలోచనల వెంట నడిచాడో ఆ మనిషి నేరస్థుడు కాకూడదు. అంటే మనసు లోపలికి తీసుకెళ్లావా, ఆ మనిషి మీద అనుమానం ఉండకూడదు. అనుమానం ఉంచదలుచుకుంటే మనసు తలుపు మూసెయ్. ఆట నిబంధనలుగా ఇవి నిజంగానే పదునైనవి. వెక్కిరించడానికి చెప్పడం లేదు.

ఆ వెంటనే, 1930లో, ఇంగ్లీషు రచయిత ఆంథొనీ బర్క్‌లీ తన నవల ఒకదానికి ముందుమాట రాస్తూ ఎదురు మాట చెప్పాడు. డిటెక్టివ్ కథ ఇక గడియారాలు, దూరాలు, అవకాశాల లెక్కలతో పాఠకుణ్ణి పట్టి ఉంచలేదు, మనిషి స్వభావమే చిక్కుముడి అవుతుంది అన్నాడు. అని ఊరుకోలేదు. మరుసటి ఏడాది ఫ్రాన్సిస్ ఐల్స్ అనే మారుపేరుతో రాసిన నవలలో, భార్యని చంపాలని డాక్టరు నిర్ణయించుకున్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. ఎవరన్న ప్రశ్న పుట్టకముందే పోయింది. ఆ రెండు జట్లు అప్పట్నుంచీ ఉన్నాయి. మీ స్నేహితులు తెలియకుండానే చెరో దాంట్లో చేరారంతే.

ఇప్పుడు అసలు విషయం, నిడివి. పొడుగు గురించి నాకు బాగా నచ్చిన ఉదంతం ఎడ్మండ్ విల్సన్‌ది. అమెరికాలో ఆ రోజుల్లో పెద్ద విమర్శకుడు. డిటెక్టివ్ నవలలు జనం ఎందుకు చదువుతారో అర్థం కావడం లేదని 1944లో న్యూయార్కర్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు గుప్పించారు. మీరు మంచివి చదవలేదు, ఇవి చదవండి అని పేర్లిచ్చారు. ఆ జాబితాలో ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ 1934లో రాసిన నైన్ టైలర్స్ గట్టిగా వినబడింది. ఆయన దాన్ని చదివి 1945 జనవరిలో రెండో వ్యాసం రాశాడు. తను చదివిన పుస్తకాల్లో ఇంత విసుగు పుట్టించినవి తక్కువ అన్నాడు. మొదటి భాగమంతా చర్చి గంటలు ఎలా మోగిస్తారన్న వివరాలేనని, అందులో చాలా భాగం దాటేశానని దాచకుండా రాశాడు.

ఆ నవలలో మనిషిని చంపింది ఆ గంటలే. గంటల గదిలో బంధించి ఉంచిన మనిషి, కొత్త సంవత్సరం రాత్రి తొమ్మిది గంటల పాటు ఆగకుండా మోగిన ఆ మోత తట్టుకోలేక చచ్చిపోతాడు. పైగా ఆ రాత్రి తాడు పట్టుకుని గంట మోగించినవాళ్లలో డిటెక్టివ్ కూడా ఒకడు. విసుగని దాటేసిన పేజీల్లోనే హంతకుడున్నాడు.

విల్సన్‌ని ఎగతాళి చెయ్యడానికి ఈ కథ చెప్పేవాళ్లున్నారు. నాకు అందులో ఇంకోటి కూడా కనబడుతుంది. గంటల శాస్త్రం ముఖ్యమని రచయిత్రికి తెలుసు, పాఠకుడికి తెలియదు. ఆ పేజీల్ని చదివించే బాధ్యత రచయిత్రిది. కొందరి చేత చదివించగలిగింది, విల్సన్ చేత చదివించలేకపోయింది. నిడివి మీద వచ్చే ప్రతి తగాదాలోనూ ఈ రెండు ముక్కలూ ఉంటాయి. ఆ పేజీలకి కథలో పని ఉందా అనేది ఒకటి. పని ఉందని తెలిసేదాకా మనల్ని కూర్చోబెట్టగలిగిందా అనేది ఇంకోటి. చాలామంది రెంటినీ కలిపేసి కొట్టుకుంటారు.

మొదటి ముక్కకి బాగా పనికొచ్చే ఉదాహరణ విల్కీ కాలిన్స్ మూన్‌స్టోన్. 1868లో ఒక వారపత్రికలో జనవరి నుంచి ఆగస్టు దాకా సీరియల్‌గా వచ్చింది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో మొట్టమొదటిది, అన్నిటికంటే పొడుగైనది, అన్నిటికంటే గొప్పది అని కవి టి.ఎస్. ఇలియట్ మెచ్చుకున్నాడు. కథ ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. మూన్‌స్టోన్ అనే వజ్రం పోయిన ఇంట్లో పెద్ద నౌకరు బెటరెడ్జ్ చెప్పిన భాగం అందరికీ నచ్చుతుంది. ఆ తర్వాత మిస్ క్లాక్ అనే ఆవిడ అందుకుంటుంది. దొరికిన ప్రతి ఇంట్లో, ప్రతి సోఫా మీదా మతప్రచార కరపత్రాలు పెట్టి వెళ్లే మనిషి. అందరికీ నీతులు చెబుతుంది, తన బుద్ధి మాత్రం చూసుకోదు. వేగంగా పోతున్న పరిశోధన ఆపేసి ఈవిడ గోలేంటని చదివేవాళ్లలో చాలామందికి ఇక్కడే నీరసం వస్తుంది.

ఆవిడ పరమ భక్తితో పూజించే మనిషి ఒకడున్నాడు, గాడ్‌ఫ్రీ ఏబుల్‌వైట్. మహిళా ధర్మసంఘాల మీటింగుల్లో అందంగా మాట్లాడే పెద్దమనిషి. అతను కథానాయిక రేచల్‌ని పెళ్లికి ఒప్పించే సన్నివేశం మిస్ క్లాక్ కర్టెన్ వెనక దాక్కుని చూస్తుంది. దాక్కున్నందుకు తనకి తానే పుణ్యం కట్టుకుంటూ మరీ చూస్తుంది. మనకి నవ్వొస్తుంది. ఆ నవ్వులో గాడ్‌ఫ్రీ మీద ఓ కన్నెయ్యాలన్న సంగతి మర్చిపోతాం. కొన్ని పేజీల తర్వాత లాయరు బ్రఫ్ వచ్చి, రేచల్ తల్లి వీలునామాని గాడ్‌ఫ్రీ తరఫున ఎవరో తీయించి చూశారని చెబుతాడు. రేచల్‌కి ఆస్తి మీద ఆదాయమే గానీ అమ్ముకునే హక్కు లేదని అందులో ఉంది. ఆ తర్వాత రేచల్ పెళ్లి వద్దంటే గాడ్‌ఫ్రీ కిమ్మనకుండా తప్పుకుంటాడు. కర్టెన్ వెనకనుంచి మనం విన్న ప్రేమ మాటలు ఇప్పుడు ఇంకో రకంగా వినబడతాయి. చివరికి వజ్రం కాజేసినవాడిగా తేలే గాడ్‌ఫ్రీ మనసుని, అతన్ని అపార్థం చేసుకున్న మనిషి కళ్లతో మన చేతే చదివించాడు కాలిన్స్. మిస్ క్లాక్ భాగాన్ని సగానికి తగ్గిస్తే వేగం పెరుగుతుంది, ఈ దెబ్బ తగలదు.

ఇంకా ముందుకెళ్తే వజ్రం మొదట తీసింది, ఆ దొంగని వెతుకుతూ తిరుగుతున్న ఫ్రాంక్లిన్ బ్లేకే. తనకి తెలియకుండా ఎవరో నల్లమందు ఇచ్చిన మత్తులో తీశాడు. తీసిన సంగతి అతనికే గుర్తు లేదు. వెతికేవాడి బుర్రలోనే దొరకాల్సింది ఉంటే, ఆ బుర్రలో తిరగడం పరిశోధన అవుతుంది. మీ నవలలో ఆ నిద్ర పట్టని రాత్రులు ఈ జాతివేనా కాదా అన్నది మీరు చూసుకోవాల్సింది. అక్కడికి తర్వాత వస్తాను.

రెండో జట్టుకి గుడి లాంటి పుస్తకం దొస్తోయెవ్‌స్కీ నేరము-శిక్ష. 1866లో పత్రికలో వచ్చింది. ఆరు భాగాలు, ఒక ఉపసంహారం. హంతకుడెవరో మనకి మొదటి భాగంలోనే తెలుసు, కళ్లారా చూస్తాం. పరిశోధకుడు పోర్ఫిరీ మనకి మూడో భాగం దాకా ఎదురుపడడు. అతని చేతిలో గట్టి సాక్ష్యం ఏదీ లేదు. "చంపేశాక ఇక కథేముంది, జ్వరం, కలవరింతలు, వీధుల్లో తిరగడం" అని విసుక్కునేవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లకి నేను చూపించేది ఒకే ఒక్క ప్రశ్న.

హంతకుడు రస్కోల్నికోవ్‌ని మొదటిసారి కలిసినప్పుడు, సెలవు తీసుకునే వేళ, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు పోర్ఫిరీ అడుగుతాడు. మీరు హత్యకి గురైన ఆ ముసలావిడ ఇంటికి సాయంత్రం ఏడు దాటాక వెళ్లారు కదా, రెండో అంతస్తులో తలుపు తీసి ఉన్న వాటాలో రంగులేస్తున్న పనివాళ్లు కనబడ్డారా? వినడానికి సాక్షిని అడిగే మామూలు మాట. కానీ రంగులేసేవాళ్లు ఉన్నది హత్య జరిగిన రోజు. రస్కోల్నికోవ్ తాను అక్కడికి వెళ్లానని ఒప్పుకున్నది మూడు రోజుల ముందు. "చూశాను" అంటే చిక్కిపోయినట్టే. మనకి ఇంకో సంగతి కూడా తెలుసు. హత్య చేసి పారిపోతూ, పనివాళ్లు అప్పుడే బయటికి పరిగెత్తడంతో ఖాళీ అయిన ఆ వాటాలోనే అతను నక్కాడు. గుర్తు తెచ్చుకుంటున్నట్టు నటిస్తూ, లోపల వల ఎక్కడుందా అని వెతుకుతూ, పనివాళ్లని చూడలేదంటాడు. పై అంతస్తులో మాత్రం ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారని, సోఫా మోసుకొస్తూ తనని గోడకి నొక్కేశారని చెబుతాడు. అది అంతకుముందు వెళ్లిన రోజు నిజంగా జరిగిందే. అబద్ధాన్ని కాపాడ్డానికి నిజాన్ని వాడుకున్నాడు. వెంటనే స్నేహితుడు రజుమీఖిన్ "రంగులేసింది హత్య రోజు కదా, వీడు వెళ్లింది మూడు రోజుల ముందు!" అని అరుస్తాడు. పోర్ఫిరీ నుదురు కొట్టుకుని, అయ్యో, కలగాపులగం చేసేశానంటాడు.

ఆ అరపేజీలో టెన్షన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకుముందు వందల పేజీలు మనం ఆ కుర్రాడి జ్వరంలో ఉన్నాం కాబట్టి వచ్చింది. ఈ బుర్ర ఎంత అలిసిపోయిందో, ఎప్పుడు ఏం వాగేస్తుందో మనకి తెలుసు. ఆ వీధుల్లో తిరగడాలు తీసేసి ఈ ప్రశ్నని ఒక్కదాన్నే పెడితే, తెలివైన పోలీసు ప్రశ్న ఒకటి మిగులుతుంది. అంతే.

పోనీ అక్కడైనా అందరూ ఏకమయ్యారా అంటే, లేదు. ఎందుకు చంపావని, తను నేరం ఒప్పుకున్న అమ్మాయి సోన్యా అడిగితే రస్కోల్నికోవ్ ఒక కారణం చెబుతాడు, కాదని ఇంకోటి చెబుతాడు, దాన్నీ కొట్టేసి మూడోది చెబుతాడు. రచయిత ఇదీ అసలు కారణం అని ఎక్కడా ముద్ర వెయ్యడు. చివరి ఉపసంహారం అతికించినట్టుందని, అదే లేకపోతే పుస్తకం అసంపూర్ణమని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు ఉపసంహారం తొందరపడి రాసినట్టే అనిపిస్తుంది. అందుకని పుస్తకం విలువ తగ్గిందనుకోను.

ఇంత చెప్పానని నన్ను రెండో జట్టులో వెయ్యకండి. వాళ్లకీ ఒక చెడ్డ అలవాటుంది. ముగింపు తేలిపోతే, నేరస్థుడు చివర్లో ఆకాశంలోంచి ఊడిపడితే, "అసలు విషయం అది కాదులే" అని సర్దిచెప్పేస్తారు. దీన్ని నేను ఒప్పుకోను. యాభయ్యో పేజీలో శవాన్ని పెట్టిన రచయిత పాఠకుడి దగ్గర అప్పు తీసుకున్నట్టే. లోతు ఎంతున్నా ఆ అప్పు తీర్చాలి. తీర్చే ఉద్దేశం లేకపోతే ఆ సంగతి ముందే తెలియనివ్వాలి.

ఈ కాలంలో ఈ విషయం మీదే జనం భగ్గుమన్న పుస్తకం తానా ఫ్రెంచ్ అనే రచయిత్రి మొదటి నవల ఇన్ ది వుడ్స్. 2007లో వచ్చింది, నేరకథల్లో మొదటి నవలలకిచ్చే ఎడ్గార్ అవార్డూ గెలిచింది. అందులో డిటెక్టివే కథ చెబుతాడు. పన్నెండేళ్ల వయసులో ఇద్దరు స్నేహితులతో అడవిలోకి వెళ్లి, ఒక్కడే దొరికాడు. చెట్టుని పట్టుకుని ఉన్నాడు, బూట్లలో రక్తం ఉంది, ఏమీ గుర్తు లేదు. ఇరవయ్యేళ్ల తర్వాత అదే చోట ఒక ఆడపిల్ల హత్యని విచారించడానికి వెళ్తాడు. కొత్త కేసు తేలుతుంది. పాత కేసు తేలదు. పుస్తకం అయిపోతుంది, ఆ ఇద్దరు పిల్లలేమయ్యారో మనకి తెలియదు.

పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించిందన్నవాళ్ల బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. ఎందుకంటే ఆ పాత కేసు ఎక్కడో మధ్యలో వచ్చిన పిట్టకథ కాదు, మొదటి పేజీల్లోనే మన చేతిలో పెట్టారు. కానీ రెండోసారి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ డిటెక్టివ్ ఏదో ఒక వంకతో వెనక్కి తగ్గుతాడు. ఆ వెనకడుగే కొత్త కేసులో తన ఎదురుగా కూర్చున్న మనిషిని సరిగ్గా అంచనా వెయ్యనివ్వదు. పాత కేసు తేలకపోవడం కొత్త కేసుని పాడు చేసిన తీరే ఆ పుస్తకం. నేను దాన్ని మెచ్చుకునే పక్షమే. అయినా "మోసం" అన్నవాళ్లని పుస్తకం అర్థం కానివాళ్లుగా చూడటం తప్పు. వాళ్లు మొదటి పేజీల్ని మన కంటే శ్రద్ధగా చదివినవాళ్లు.

ఇక సాగదీత ఎలా ఉంటుందో నా బల్ల మీదికొచ్చే రాతప్రతుల్లో కనబడేదాన్ని బట్టి చెబుతాను. జ్ఞాపకాలతో మొదలుపెడదాం. మానసిక డిటెక్టివ్ నవలలో డిటెక్టివ్ చిన్నప్పటి సంఘటన ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. పని చేసే జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ ఒక చిన్న వివరం మార్చుకుని వస్తుంది. మొదటిసారి "గది తలుపు మూసి ఉంది" అంటాడు. మూడోసారి "తలుపు సందులోంచి వెలుతురు పడుతోంది" అంటాడు. మూసి ఉన్న తలుపుకి అంత సందెక్కడిది? ఎవరు తీశారు? అక్కడ పాఠకుడు ఆగాలి. సాగదీసే జ్ఞాపకం మూడుసార్లూ అదే తలుపుతో, అదే వర్షంతో, అదే ఏడుపుతో వస్తుంది. కొత్తగా వచ్చేవి విశేషణాలే. అలాంటిది కనబడితే నేను ఎర్ర పెన్నుతో రెండు కొట్టేసి ఒకటే ఉంచుతాను, రచయిత అలుగుతాడు.

విచారణ దృశ్యాలు ఇంకోటి. అదే సాక్షిని రెండోసారి కలిసినప్పుడు సాక్షి కొత్త సంగతి చెప్పకపోయినా పర్లేదు, కానీ డిటెక్టివ్ మారి ఉండాలి. మొదటిసారి జాలిపడినవాడు రెండోసారి అనుమానించాలి, లేదా అటుది ఇటు కావాలి. ఇద్దరూ మారకపోతే ఆ అధ్యాయం పేజీల కోసం ఉంది. కలల గురించి ఎక్కువ చెప్పను. నవలలో కలలు దాటేసినా ఏమీ పోదు, నూటికి తొంభై సందర్భాల్లో.

అన్నిటికంటే పెద్ద గుర్తు డిటెక్టివ్ సొంత జీవితం. తాగుడు, విడాకులు, మాట్లాడని కూతురు. ఇవి ఇప్పుడు యూనిఫాంలా అయిపోయాయి. వీటికి పెట్టాల్సిన పరీక్ష ఒకటే. ఆ విడాకుల్ని కథలోంచి తీసేస్తే పరిశోధన ఎక్కడైనా తెగుతుందా? భార్య వదిలేసిన కోపం వల్ల ఒక సాక్షిని నమ్మకుండా పంపేసి, ఆ సాక్షి చెప్పబోయిన ముక్క పోగొట్టుకున్నాడా? అయితే ఆ విడాకులు క్లూ. ఏమీ తెగకపోతే అది అలంకారం, దాని కోసం మీరు వంద పేజీలు భరించక్కర్లేదు.

నిడివి వేగం కోసం తగ్గించడానికి ఒప్పుకోని రచయితలూ ఉన్నారు, వాళ్ల వాదన కూడా వినాలి. ఉంబెర్తో ఎకో 1980లో రాసిన నేమ్ ఆఫ్ ది రోజ్ మఠంలో జరిగే హత్యల పరిశోధన. మొదటి వంద పేజీలు కష్టంగా ఉన్నాయి, తగ్గించమని స్నేహితులూ ప్రచురణకర్తలూ అడిగారట. ఆయన ససేమిరా అన్నాడు. మఠంలోకి వచ్చి ఏడు రోజులుండాలంటే ఆ మఠం నడకకి అలవాటు పడాలి, పడలేనివాడు కొండ కింద ఆగిపోతాడు అని తర్వాత రాసుకున్నాడు. ఇది ధీమా. అందరికీ చెల్లదు. ఎకోకి చెల్లింది, ఎందుకంటే ఆ వంద పేజీల్లో ఎక్కిన సరుకంతా తర్వాత వాడాడు. ఆయన్ని ఆదర్శంగా చూపించి నాకు మొదటి వంద పేజీల వాతావరణం పంపేవాళ్లలో ఎక్కువమంది వాడరు.

ఇప్పుడు మీ సంగతి. ముందుకి చదవడం ఒక రోజు ఆపి మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. సగం పుస్తకం తెలిశాక అది వేరేగా కనబడుతుంది. అందులో డిటెక్టివ్ తన గురించి చెప్పుకున్న మాటల్లో ఏదైనా ఇప్పటికే అబద్ధమని తేలిందా చూడండి. తేలితే మీ చేతిలో ఉన్నది మూన్‌స్టోన్ తరహా పుస్తకం, ఆ నిద్ర పట్టని రాత్రుల్లో ఏదో దాచి ఉంచారు. అలాంటిదేదీ తగలకపోతే, మీకు అన్నిటికంటే ఎక్కువ విసుగు పుట్టించిన అధ్యాయానికి, తీసేస్తే పరిశోధన ఎక్కడైనా తెగుతుందా అని పైన చెప్పిన పరీక్ష పెట్టండి.

రాత్రి పడుకునే ముందు పదేసి పేజీల చొప్పున చదువుతుంటే ఆ పద్ధతి మార్చండి. చిక్కుముడి నవలకి అది సరిపోతుంది, ప్రతి అధ్యాయం చివరా ఓ కొక్కెం ఉంటుంది కాబట్టి. ఈ తరహా పుస్తకంలో వందో పేజీలో ఉన్న తలుపు మూడు వందలో పేజీలో గుర్తుండాలి. మూడు వారాల ఎడం వస్తే ఎవరికీ గుర్తుండదు, అప్పుడు మంచి పేజీలు కూడా సాగదీతలాగే తోస్తాయి. సెలవు రోజు చూసుకుని ఒక భాగం మొత్తం ఒక్క బిగిన లాగించండి. ఆ భాగం చివరికొచ్చేసరికి హత్య గురించి మీ అనుమానం ఎటూ కదలకపోతే, నిశ్చింతగా ఆపేయొచ్చు. చివరి పేజీలు తిప్పి పేరు చూసుకోవడం మాత్రం వద్దు. ఇలాంటి నవలల్లో ఆ పేరు ఒక్కటీ తెలుసుకుంటే ఉప్పూ కారం లేని సంగతి.

రివ్యూల్లో ఐదు స్టార్లవీ ఒక్క స్టార్‌వీ పక్కన పెట్టి మూడు స్టార్లవి చదవండి. కోపమూ మోజూ లేనివాళ్లు ఏది నచ్చిందో ఏది నచ్చలేదో విడదీసి రాస్తారు. ఒక్క స్టార్ వాటిలో కూడా తేడా చూడాలి. "పాత్రలెవరూ మంచివాళ్లు కాదు", "నత్తనడక" అనేవి మీకు వర్తించకపోవచ్చు. "నేరస్థుడు చివరి యాభై పేజీల్లో కొత్తగా వచ్చాడు" అని నలుగురు రాస్తే మాత్రం నమ్మండి. అది రుచి గొడవ కాదు, పని లోపం.

ఇక మెచ్చుకున్న ఆ స్నేహితుల్ని, కథ చెప్పొద్దని ముందే మాట తీసుకుని, ఒక్క ప్రశ్న అడగండి. అసలు సంగతి తెలిశాక వెనక్కి తిప్పి మళ్లీ చదివిన పేజీ ఏదైనా ఉందా? "ఉంది, ఫలానా చోట, అది నువ్వు దాటేశావు కూడా" అంటే మిగతా సగం చదవండి. "అలా ఏం లేదుగానీ, ఆ ఫీల్ వేరబ్బా" అంటే, పుస్తకం వాళ్లకి తిరిగిచ్చేసి ఇంకోటి అడగండి.